మా తర్వాత చిన్నబ్బాయి సంగతేమిటి? వీలునామా చాలా, ట్రస్ట్ కావాలా?

పేరు రాయవద్దని కోరిన ఒక అమ్మ నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆమెకు 66 ఏళ్లు. భర్తకు 72, ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు, పెన్షన్ వస్తోంది. పెద్దబ్బాయి అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. అమ్మాయి వీళ్ల ఊళ్లోనే, రెండు వీధుల అవతల ఉంటుంది. చిన్నబ్బాయికి 34 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం. స్నానం, భోజనం, బట్టలు తనే చూసుకుంటాడు. డబ్బు లెక్క తెలియదు. ఎవరు కాగితం పెట్టి సంతకం అడిగినా నవ్వుతూ పెట్టేస్తాడు.

ఆస్తి విషయానికొస్తే, భర్త తన జీతంతో కట్టిన ఇల్లు, ఆయన తండ్రి నుంచి వచ్చిన మూడెకరాల పొలం, ఈమె నగలు అమ్మి తన పేరున కొనుక్కున్న ఇంటి స్థలం, బ్యాంకులో కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. నిరుడు భర్తకు గుండెలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఈమెకు సరిగా నిద్ర పట్టడం లేదు. "ఇల్లు, పొలం ఇప్పుడే నా పేరున గిఫ్ట్ డీడ్ చేసేయండి, తమ్ముడి బాధ్యత నాది" అని పెద్దబ్బాయి ఫోన్‌లో అంటున్నాడు. వీలునామా మాటెత్తితే భర్త లేచి వెళ్లిపోతున్నారు. నామినీ పేరు రాసుంటే చాలని పక్కింటివారు, ట్రస్టులు కోటీశ్వరులకే అని బంధువులు చెబుతున్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "మేమిద్దరం పోయాక వాడు ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు. నేనేం చేయాలి?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆస్తి ఎవరికి రాయాలి అన్న చోట మొదలుపెట్టి, అబ్బాయిని ఎవరు చూస్తారు అన్న చోట ముగించారు. మధ్యలో ఈ రెండూ ఒకటే ప్రశ్న అయిపోయాయి. మీ ఇంట్లో అందరి టెన్షనూ అక్కడే పుడుతోందని నాకనిపిస్తోంది. ఆస్తి ఒకరి పేరున ఉండవచ్చు, డబ్బు మరొకరు చూడవచ్చు, అబ్బాయితో కలిసి వేరొకరు ఉండవచ్చు. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పెట్టి, "నమ్మకస్తుడు, చూసుకుంటాడు" అనుకోవడమే చాలా కుటుంబాల్లో ఇబ్బందికి మూలం. ఆ మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు. అతనికి జబ్బు చేయవచ్చు, అప్పులు కావచ్చు, మీ అబ్బాయికంటే ముందే పోనూవచ్చు.

ముందు, ఏమీ రాయకపోతే ఏమవుతుందో చూద్దాం. మీరు హిందూ వారసత్వ చట్టం కిందికి వస్తారనుకుని రాస్తున్నాను. మీవారు వీలునామా లేకుండా పోతే, ఆయన తల్లి ఇప్పటికే లేరు కాబట్టి, ఆయన సొంత ఆస్తి మీకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా నాలుగు వాటాలవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చిన్నబ్బాయికి వచ్చే నాలుగో వంతు మీద చెల్లుబాటయ్యే సంతకం పెట్టగలవాళ్లు ఎవరూ ఉండరు. ఇంటి మొత్తాన్ని అమ్మాలన్నా, బ్యాంకులో తాకట్టు పెట్టాలన్నా అతనికి చట్టబద్ధమైన సంరక్షకుడు కావాలి. ఆ పని అయ్యేదాకా మిగతా ముగ్గురూ ఆగాల్సిందే. ఎవరూ తప్పు చేయకుండానే ఇల్లు ఇరుక్కుపోతుంది.

నామినీ సంగతి. పక్కింటివారు చెప్పింది చాలామంది నమ్మేదే, కానీ సరికాదు. బ్యాంకు డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో నామినేషన్ చెబుతుంది. ఆ డబ్బు చివరికి ఎవరిదో వీలునామా చెప్పాలి, అది లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. షేర్ల విషయంలో కూడా నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. కాబట్టి డిపాజిట్లకు నామినీ తప్పకుండా ఉంచండి, మొదటి రోజుల ఖర్చుకు డబ్బు త్వరగా అందుతుంది. కానీ అంతటితో పని అయిపోయిందనుకోవద్దు. చిన్నబ్బాయినే నామినీగా రాసుంటే మాత్రం మార్చండి. అతను బ్యాంకుకు వెళ్లి ఆ డబ్బు తీసుకోలేడు.

ఇక పెద్దబ్బాయి మాట. అతను దురాశతో అన్నాడని నేను అనుకోను. దూరంగా ఉన్న కొడుకులకు ఒక అపరాధ భావన ఉంటుంది. "బాధ్యత నాది" అనడంలో అది కూడా కలిసి ఉండవచ్చు. అయినా గిఫ్ట్ డీడ్ మీకు తగిన దారి కాదు. వీలునామాను బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన రోజే ఆస్తి చేయి దాటుతుంది, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వృద్ధ తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఉందిగా అంటారు. దస్తావేజులో "మమ్మల్ని చూసుకోవాలి" అన్న షరతు ఉండి, అది తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని మీరు ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. కానీ ఆ రక్షణ మీ ఇద్దరికి, మీరున్నంత వరకు. మీ తర్వాత తమ్ముణ్ణి చూడలేదని ఆ చట్టం కింద అడిగేవాళ్లు ఉండరు. పైగా పొలం సంగతి వేరు. విదేశీ పౌరసత్వం తీసుకున్న వారికి వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా ఇవ్వడానికి విదేశీ మారకద్రవ్య నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావచ్చు గానీ గిఫ్ట్‌గా కాదు. ఈ ఒక్క ముక్క చెబితే, "నీ మీద నమ్మకం లేదు" అనే అవసరం రాకుండానే ఆ మాట అక్కడ ఆగుతుంది.

గిఫ్ట్ కాకుండా, వీలునామాలో అంతా పెద్దబ్బాయికే రాసి, "తమ్ముణ్ణి చూసుకుంటాడని ఆశిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చే అలవాటు కూడా ఉంది. దయచేసి అలా రాయించకండి. ఆశ వ్యక్తం చేస్తే అది చట్టం ముందు బాధ్యత కాదు. ఆస్తి అతని సొంతమైపోతుంది. రేపు అతనికేమైనా అయితే, అతను వీలునామా రాసి ఉండకపోతే, ఆ ఇల్లు అతని భార్యాబిడ్డలకు వెళ్తుంది. ఆ పిల్లలు మీ చిన్నబ్బాయిని జీవితంలో ఎన్నిసార్లు చూసి ఉంటారో మీకే తెలుసు.

పొలం గురించి ఒక విషయం విడిగా చెప్పాలి. "తండ్రి నుంచి వచ్చింది" అని రాశారు. ఎలా వచ్చిందన్నది ముఖ్యం. మీ మామగారి సొంత ఆస్తి, ఆయన పోయాక వారసత్వ చట్టం ప్రకారం మీవారికి వచ్చి ఉంటే, అది మీవారి సొంతం కిందే లెక్క. మొత్తం వీలునామాలో రాయవచ్చు. అలా కాక తాతల నాటి ఉమ్మడి ఆస్తి పంపకంలో ఆయన వాటాగా వచ్చి ఉంటే, అందులో ముగ్గురు పిల్లలకూ పుట్టుకతో హక్కుంది. అప్పుడు మీవారు తన నాలుగో వంతుకు మాత్రమే వీలునామా రాయగలరు. ఆడపిల్లకు ఈ హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతోనే, అప్పటికి పెళ్లికాని వారికి, ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో దేశమంతటా వచ్చింది. తండ్రి ఎప్పుడు పోయారన్న దానితో నిమిత్తం లేకుండా కూతురికి ఈ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఊళ్లలో తండ్రి నుంచి ఏది వచ్చినా "పిత్రార్జితం" అనేస్తాం. పాత పంపకం కాగితాలు, పొలం పట్టాదారు పాస్‌బుక్ తీసి వకీలుకు చూపించకుండా పొలం జోలికి వెళ్లవద్దు.

ఇప్పుడు మీ ముందు నిజంగా ఉన్న దారులు చూద్దాం.

ఇల్లో, కొంత డబ్బో నేరుగా చిన్నబ్బాయి పేరునే రాయడం ఒకటి. అతని హక్కు అతనిది, ఎవరి దయా కాదు. ఆ భావన నాకూ నచ్చుతుంది. కానీ ఎవరు అడిగినా సంతకం పెడతాడని మీరే రాశారు. అతని పేరున పెద్ద ఆస్తి ఉండటం అతనికే ప్రమాదం. ఈ దారి ఎంచుకుంటే సంరక్షకుణ్ణి ముందే నియమించుకోవడం తప్పనిసరి.

రెండోది, ఇంటిని పెద్ద పిల్లలిద్దరికీ రాసి, చిన్నబ్బాయి బతికున్నంత కాలం అందులో ఉండే హక్కు అతనికి పెట్టడం. వకీళ్లు దీన్ని జీవితానుభవ హక్కు అంటారు. ఖర్చు తక్కువ, అర్థం చేసుకోవడం తేలిక. అయితే ఇది గోడలనూ కప్పునూ ఇస్తుంది, లోపల అన్నం వండేవాళ్లను ఇవ్వదు. మందులు, మనిషి జీతం, ఇంటి మరమ్మతులు ఎక్కడి నుంచి వస్తాయో కూడా రాయకపోతే ఈ హక్కు కాగితం మీదే ఉంటుంది. అన్నట్టు, మీవారు మీకు కూడా "ఆమె తదనంతరం పిల్లలకు" అని జీవితకాల హక్కే రాస్తానంటే జాగ్రత్త. భార్యకు పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అప్పటి నుంచి ఇలాంటి వాక్యాల మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మీకిచ్చేది పూర్తిగా ఇవ్వమనండి, పిల్లలకిచ్చేది విడిగా వాళ్లకే రాయమనండి.

మూడోది ట్రస్ట్. ఇది కోటీశ్వరులదే అన్న మాట పక్కన పెట్టండి. గుడి ట్రస్టులు, ఆసుపత్రి ట్రస్టులు చూసి మనకా అభిప్రాయం వచ్చింది. 1882 నాటి ట్రస్టుల చట్టం ఉన్నది ప్రైవేటు కుటుంబాల కోసమే. అందులో విషయం సూటిగా ఉంటుంది: ఒకరు ఆస్తి ఇస్తారు, మరొకరు దాన్ని నడుపుతారు, ఫలం ఇంకొకరికి. నడిపేవాళ్లు ట్రస్టీలు. కాగితాల్లో ఆస్తి వాళ్ల పేరున ఉన్నా సొంతానికి వాడుకోకూడదు, లెక్క చూపాలి, తప్పు చేస్తే కోర్టుకు జవాబు చెప్పాలి. "ఆశిస్తున్నాను" అన్న మాటకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

ట్రస్ట్‌ను రెండు రకాలుగా పెట్టవచ్చు. ఇప్పుడే పెట్టవచ్చు. ఇల్లు, స్థలం లాంటివి అందులోకి మార్చాలంటే దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి. మీరుండగానే అది ఎలా నడుస్తుందో కళ్లారా చూసుకోవచ్చు, ట్రస్టీ సరిగా లేకపోతే దిద్దుకోవచ్చు. లేదా వీలునామాలోనే ట్రస్ట్ పెట్టవచ్చు. రాసినవారు పోయాకే అది మొదలవుతుంది. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, ఇప్పుడు ఆస్తి ఎవరి పేరునా మారదు, మనసు మారితే తిరగరాసుకోవచ్చు. ఆదాయపు పన్నులో కూడా ఒక వెసులుబాటు ఉంది. ట్రస్టీలు తమ విచక్షణతో ఖర్చుపెట్టే ట్రస్టుల ఆదాయం మీద మామూలుగా గరిష్ఠ రేటు పడుతుంది. వీలునామా ద్వారా పెట్టిన ఒకే ఒక్క ట్రస్ట్ అయితే సాధారణ శ్లాబులు వర్తించే అవకాశం ఉంటుంది. అందుకని ఒకే వీలునామాలో ఇద్దరు ముగ్గురికి విడివిడిగా ట్రస్టులు పెట్టించవద్దు. రాయించే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి. వారసత్వం మీద విడిగా పన్ను మన దేశంలో 1985 నుంచి లేదు. ఆ భయం అక్కర్లేదు.

మీ పరిస్థితికి నాకు దగ్గరగా అనిపిస్తున్నది వీలునామాలోనే పెట్టే ఈ ట్రస్టే. కానీ ట్రస్టీలు దొరక్కపోతే దానికి ప్రాణం ఉండదు. ముగ్గురైతే బాగుంటుంది. పెద్దబ్బాయి ఒకరు కావచ్చు. దూరంగా ఉన్నా లెక్కలు చూడగలడు, అతను కోరుకున్న బాధ్యత కూడా గౌరవంగా దక్కుతుంది. అమ్మాయి మరొకరు. మూడోవారు ఆస్తిలో ఏ వాటా లేనివారు అయి ఉండాలి. మీవారి పాత శిష్యుల్లో లెక్కాపత్రం తెలిసిన, మీకంటే బాగా చిన్న వయసువారు ఎవరైనా ఉన్నారా? ట్రస్టీలుగా పనిచేసే కంపెనీలూ ఉన్నాయి గానీ, చిన్న ఆస్తికి వాటి ఫీజు బరువవుతుంది. ఎవరు తప్పుకున్నా, పోయినా వారి స్థానంలో ఎవరు రావాలో రాయండి. చిన్నబ్బాయి మీద నెలనెలా ఏమేం ఖర్చు పెట్టవచ్చో, అవసరమైతే ఇల్లు అమ్మే అధికారం ఉందో లేదో, అతని తర్వాత మిగిలింది ఎవరికి వెళ్లాలో కూడా స్పష్టంగా ఉండాలి. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. మిగిలింది ఎవరికి వెళ్తుందో, వాళ్లకు తక్కువ ఖర్చు పెట్టాలనిపించడం మానవ సహజం. బయటి ట్రస్టీ కావాలన్నది అందుకే.

ఇంకో విషయం ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నాలుగు పేజీల్లో అమ్మాయి గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. తమ్ముణ్ణి నెలనెలా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది తనే అన్నది అందులో ఒకటి. రేపు మీరు లేనప్పుడు అతను ముందుగా వెళ్లేది ఆ రెండు వీధుల అవతల ఇంటికే అని మీకూ తెలుసు. కానీ ఆమెను ఎవరైనా అడిగారా? ఆమె అత్తగారింట్లో ఆమె మాట ఎంత చెల్లుతుందో, ఆమె ఆరోగ్యం ఎలా ఉందో, మనసులో ఏముందో కనుక్కోండి. చూసుకునే పని ఆమెది, ఆస్తి అన్నయ్యది అన్న అమరిక ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం నిలబడటం నేను చూడలేదు. చేస్తానంటే, ఆ శ్రమకు ట్రస్ట్ నుంచి నెలకు ఇంత అని తీసుకునే వీలు వీలునామాలోనే రాయించండి. కూతురు డబ్బు తీసుకుంటుందా అని నొచ్చుకోవద్దు. చేయలేనంటే కోపగించుకోవద్దు. ఇప్పుడు తెలియడమే మంచిది, వేరే ఏర్పాటుకు మీకు సమయం ఉంటుంది.

ఇక మీవారు. స్టెంట్ వేసిన మనిషి ముందు వీలునామా అంటే ఆయనకు వినబడేది చావు మాటే. ఆ మాటతో మొదలుపెట్టకండి. పెన్షన్ కాగితాలతో మొదలుపెట్టండి. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న సంతానానికి, తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చే నిబంధన ఉంది. చిన్నబ్బాయి పేరు, వైకల్య ధ్రువపత్రం ఆయన పెన్షన్ రికార్డుల్లో చేరాయో లేదో ఇద్దరూ ట్రెజరీ ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి. ఆయన ఉండగా ఆయన సంతకంతో అయితే ఇది తేలిక. తర్వాత మిగతావాళ్లు ఎన్ని ఆఫీసులు తిరగాలో ఆయనకు తెలుసు, ఉద్యోగం చేసిన మనిషి కదా.

ఆ తర్వాత సంరక్షకత్వం. పిల్లవాడికి 18 నిండాక, ఎంత వైకల్యం ఉన్నా, తల్లిదండ్రులు తమంతట తాము చట్టబద్ధ సంరక్షకులు కారు. ఈ విషయం చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద జిల్లా కలెక్టర్ నేతృత్వంలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అక్కడ దరఖాస్తు చేసుకుంటే సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఇప్పుడు మీ ఇద్దరిలో ఒకరు కావచ్చు. తర్వాత ఎవరు కావాలన్నది మీ కోరికగా వీలునామాలో రాసిపెట్టవచ్చు, నియమించేది మాత్రం కమిటీయే. ఈ రెండు పనులూ చేసేసరికి అబ్బాయి భవిష్యత్తు గురించి మీవారితో చాలాసార్లు మాట్లాడి ఉంటారు. వీలునామా మాట ఆయన నోటి నుంచే రావచ్చు. రాకపోనూవచ్చు.

రాకపోతే మీరు ఆగనక్కర్లేదు. ఇంటి స్థలం మీ పేరున ఉంది, మీ నగలతో కొన్నది. దాని మీద వీలునామా రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ పేరున ఉన్న డిపాజిట్లకూ అంతే. ఆ వీలునామాలోనే చిన్నబ్బాయి కోసం ట్రస్ట్ పెట్టండి. తర్వాత మీవారు రాయదలచుకుంటే ఆయన వీలునామా ఆయనది వేరుగా ఉండనివ్వండి. ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద రాస్తే, ఒకరు పోయాక రెండోవారు మార్చవచ్చా లేదా అన్న దాని మీదే గొడవ మొదలవుతుంది.

రాసేటప్పుడు మీకు హాయిగా అర్థమయ్యే తెలుగులో రాయించండి. మీరు సంతకం చేయడం చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు సాక్షులుగా వద్దు. రేపు కోర్టులో వీలునామా నిరూపించాలంటే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి, అందుకని మీకంటే చిన్నవాళ్లను ఎంచుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీ విషయంలో చేయించమనే చెబుతాను. అదే రోజు తేదీతో మీరు పూర్తి స్పృహలో ఉన్నారని డాక్టర్ రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. వకీలును మాట్లాడటం, రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లడం లాంటి పనులు లాభం పొందే పిల్లలెవరికీ అప్పగించవద్దు. లాభం పొందేవాళ్లే దగ్గరుండి రాయించిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి.

వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే మీరొక్కరే చేయగలిగింది ఒకటుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని చిన్నబ్బాయి గురించి రాయండి. ఏ మందు ఎప్పుడు, ఏది పడదు, దేనికి భయపడతాడు, కోపం వస్తే ఎలా ఊరుకుంటాడు, ఎవరి దగ్గర నవ్వుతాడు, రాత్రి దీపం ఆర్పితే నిద్రపోతాడా లేదా. ఎక్కడ ఉండటం ఇష్టమో అతన్నే అడిగి, అతను చెప్పిన మాటల్లోనే రాయండి. 34 ఏళ్లుగా ఇవన్నీ మీ ఒక్కరి తలలోనే ఉన్నాయి. దీనికి సాక్షులు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పూర్తయ్యాక ఒక ప్రతి అమ్మాయికి ఇవ్వండి, ఒకటి పెద్దబ్బాయికి పంపండి. ఫోన్‌లో చెప్పలేని సంగతులు చాలా ఉంటాయి అందులో.